మాదో, మనదో

ఊరి పేరు కాదిస్.
మొదటిసారి విన్నప్పుడు ‘కాదు’ అన్నట్టే వినబడింది.
ఇక్కడివాళ్ళు చివరి అక్షరాలు నమిలి మింగేసి
‘కాయ్’ అంటారు.
మూడు వేల ఏళ్ళ ఊరు,
ఇంకా పండలేదన్నమాట.

నేను నేర్చుకొచ్చిన స్పానిష్ ఇస్త్రీ చొక్కా.
మొదటి రోజే చేపల బజారులో నలిగిపోయింది.
సముద్రపు ముళ్ళకాయలు అరడజను అడగబోయి
ఏం అడిగానో ఏమో,
వాటిని చీల్చే కత్తెర కింద పెట్టేసి మరీ
నవ్వింది బజారామె.

నా గది రెమెదియోస్ గారింట్లో. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
మెట్ల మలుపు మలుపుకీ ఆగి ఆమె ఒకరిని తిడుతుంది:
మేయర్ని, మోకాళ్ళని, గుడ్ల ధరని.
రాత్రి పదింటికి భోజనం,
వేయించిన చేప, ఎండిన రొట్టె, టీవీలో గాలి వార్తలు.
ఏ మాటైనా ‘నొసోత్రో’ అనే మొదలుపెడుతుంది.
నొసోత్రో, పదింటికే తింటాం.
నొసోత్రో, ఓడలు కట్టాం.
నొసోత్రో, గాలికి భయపడం.

ఆ ఒక్క మాటకి నా నాలుక కింద రెండున్నాయి.
మేము అంటే నేను తలుపు అవతల.
మనం అంటే నాకూ ఒక కంచం.
ఆమె భాషకి ఆ గడప లేదు.
తెలిసి కాదు పాపం,
రోజూ నన్ను గుమ్మంలో నిలబెట్టే
చేప వడ్డిస్తుంది.

పగలు వంతెన దాటి బస్సులో కాలేజీకి.
ఉప్పుమడుల నీళ్ళు సీసాల్లో పట్టి
ఎంత ఉప్పో కొలవడం నా చదువు.
అంకెలకి యాస లేదు, అక్కడ కాస్త ఊపిరి పీల్చుకుంటాను.
కిటికీలోంచి ఓడల కర్మాగారం క్రేన్లు కనబడతాయి.
ఎప్పుడు చూసినా రెండే కదులుతుంటాయి.

ఫిబ్రవరిలో లెవాంతే వచ్చింది. తూర్పుగాలి.
మూడు రోజులు, తగ్గకపోతే ఆరు, అప్పటికీ తగ్గకపోతే తొమ్మిది.
ఈ గాలిలో చేసిన నేరానికి శిక్ష సగమే అంది రెమెదియోస్.
అబద్ధమే అయ్యుండాలి.
కిటికీలు పళ్ళు కొరుకుతున్నాయి.
రెండో రాత్రి కరెంటు పోయింది, వెంటనే ఆమె కేక:
మేడ మీద బట్టలు!

దుప్పట్లు దొరికాయి. నా జీన్సు దొరికింది.
ఒక సాక్సు అట్లాంటిక్ పాలు.
పక్క మేడ యాంటెన్నాకి చిక్కుకుని
చేతులు బార్లా చాపి ఊగుతోంది
నీలం రంగు పనిబట్ట,
ఓడలు కట్టేవాళ్ళు తొడుక్కునేది.
లోపల గాలి తప్ప మనిషి లేడు.
పదకొండేళ్ళుగా నెలకోసారి దాన్ని ఉతికి ఆరేస్తోందని
తర్వాత తెలిసింది.
అప్పుడు కనబడింది ఆమె ముఖమొక్కటే,
తిట్లన్నీ అయిపోయిన ముఖం.

పిట్టగోడ నడుమెత్తు. అవతల గజం వెడల్పు చీకటి.
ధైర్యం కాదు,
వద్దని వాదించుకునేంత స్పానిష్ లేదు నా దగ్గర.
దూకాను.
ముళ్ళకంప మీద పడ్డ బట్టని తీసినట్టు
దారం దారం విడిపించి తెచ్చాను.
భుజం మీద ఒక క్లిప్పు ఇంకా పట్టు వదల్లేదు.

తెల్లారి పక్క మేడ ఫెర్మిన్ వచ్చాడు,
యాంటెన్నా వంగిపోయిందని,
ఆ నీలం గుడ్డ ఎవరిదో చెప్పమని.
తలుపు దగ్గర ఇద్దరం ఉన్నాం.
గీసుకుపోయిన నా మోచేతికి ఆమె చుట్టిన వంటింటి తువ్వాలు.
‘న్వేస్త్రో’ అంది రెమెదియోస్.
అంతే. లోపలికెళ్ళి కాఫీ పెట్టింది.

మాది అందా? అంటే ఆమెదీ, ఆయనదీ.
మనది అందా?
అడగొచ్చు. ఎలా అడగాలి,
ఆ ప్రశ్నే లేని భాషలో.

ఆదివారం అక్కకి ఫోన్ చేసి గాలి సంగతి చెప్పాను,
సాక్సు సంగతి చెప్పాను, తను నవ్వింది.
నీలం బట్ట దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగింది.
తెలుగులో చెప్పాలంటే రెండిట్లో ఒకటి తేల్చాలి.
గాలికి సిగ్నల్ సరిగ్గా లేదే, మళ్ళీ చేస్తానన్నాను.

గాలి తగ్గి అప్పటికి రెండు రోజులు.